పాలు చాలడం లేదా? తొలి కాన్పు తల్లిని మొదటి వంద రోజులూ వెంటాడే ప్రశ్న

క్లుప్తంగా: తొలి కాన్పు అయిన ఇంట్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట 'పాలు చాలడం లేదేమో'. చాలామంది తల్లుల విషయంలో ఆ లోటు ఒంట్లో ఉండదు. సిజేరియన్ తర్వాత ఆలస్యంగా మొదలైన పాలు, మధ్యలో వచ్చి చేరిన పాలపొడి డబ్బా, సాయంత్రం ఏడుపు, ముక్కలైన నిద్ర కలిసి దాన్ని తయారు చేస్తాయి. పథ్యం పేరిట పెట్టే సగం భోజనం ఆ బరువును తల్లి ఒంటి మీదికి తోస్తుంది. పుట్టింట్లో దొరికే సాయమంతా మొదటి నెలల్లోనే ఉంటుంది. అది ఆగే సమయానికే ఉద్యోగం పిలుస్తుంది.

మూడో రోజు గదిలో

కాన్పు అయిన మూడో రోజు ఆస్పత్రి గది ఏ జిల్లాలో అయినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మంచం మీద కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి. ఉయ్యాలలో ఏడుస్తున్న బిడ్డ. కిటికీ దగ్గర వేన్నీళ్ల ఫ్లాస్కు, దాని పక్కనే ఇంకా మూత తీయని పాలపొడి డబ్బా. చూడటానికి వచ్చిన బంధువు చెప్పులు విడుస్తూనే అడుగుతారు: "పాలు పడ్డాయా?"

ఆ రోజుకు ఆ ప్రశ్నకు సరైన జవాబు 'పడుతున్నాయి, వేళ ఇంకా దాటలేదు' అన్నదే. గర్భంలో ఉన్నంతకాలం పాలు పుష్కలంగా రాకుండా పట్టి ఉంచేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. మాయ బయటికి వచ్చాక అది వేగంగా పడిపోతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు నిండుగా దిగుతాయి. తొలి కాన్పులో ఇది కాస్త నెమ్మది. సిజేరియన్ అయితే, అందులోనూ బిడ్డను రొమ్ముకు పట్టడం ఆలస్యమైతే, ఇంకొంచెం నెమ్మది. ఈలోగా వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతకు తాగేది ఒక టీస్పూను, మహా అయితే రెండు. చూసేవాళ్లకు అది పాలులా కనబడదు. అక్కడే మొదటి అనుమానం పుడుతుంది.

తూకం ఆ అనుమానానికి ఆజ్యం పోస్తుంది. పుట్టిన బిడ్డలు మొదటి కొన్ని రోజుల్లో బరువు తగ్గుతారు. పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతానికి చేరితే డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు దిగి, పది పద్నాలుగు రోజుల్లో మళ్లీ 3 కిలోలకు రావడం ప్రకృతి లెక్క. డిశ్చార్జి కాగితం మీద తగ్గిన అంకె మాత్రమే ఉంటుంది, లెక్క ఉండదు. రెండో కాన్పు తల్లికి ఇదంతా ఒకసారి చూసిన దారి. తొలిసారి తల్లికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ప్రతి అంకె తన తప్పులాగే కనిపిస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) అంకెలు ఈ గదికి నేపథ్యం. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అక్కడే ఉంది. ఇది చిన్న విజయం కాదు. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతమే. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే అయిదింట నాలుగు కాన్పులు ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు తెలంగాణ మొత్తం మీద సుమారు 37 శాతం. వెన్నులో మత్తు ఇచ్చిన ఆపరేషన్‌లో తల్లి స్పృహలోనే ఉంటుంది, గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టడం సాధ్యమే. కానీ దానికి పక్కనే ఒక నర్సు నిలబడాలి, బిడ్డను సరిగ్గా పట్టి చూపించాలి. థియేటర్ నుంచి తల్లి రికవరీ గదికి, బిడ్డ బంధువుల చేతికి వెళ్లే ఆస్పత్రిలో ఆ గంట కారిడార్‌లోనే గడిచిపోతుంది.

చేపు ఎలా వస్తుంది

పాడి ఉన్న ఇళ్లలో చేపు అంటే చెప్పనక్కర్లేదు. దూడను విడిచి, అది పొదుగును కుమ్మితే గేదె చేపుతుంది, అంటే పాలు దించుతుంది. కొత్త మనిషి చెంబు పట్టుకుని కూర్చున్నా, పక్కన కుక్క మొరిగినా చేపు నిలిచిపోతుంది. మనిషి విషయంలోనూ యంత్రాంగం అదే. బిడ్డ చీకుతుంటే తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు వస్తాయి. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ ఉన్న పాలను బయటికి నెడుతుంది. ప్రొలాక్టిన్ రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. 'రాత్రి డబ్బా పట్టి తల్లిని పడుకోనిద్దాం' అనే ఏర్పాటుకు ఉన్న చిక్కు అదే. ఆక్సిటోసిన్ భయానికి, నొప్పికి, సిగ్గుకు వెంటనే వెనకడుగు వేస్తుంది. పదిమంది కూర్చున్న గదిలో కొంగు కప్పుకుని పాలివ్వబోయిన తల్లికి పాలు రాకపోతే, అవి లేవని అర్థం కాదు. చేపు రాలేదు, అంతే.

మూడో సంగతి వ్యాపారపు లెక్కలాంటిది. ఖాళీ అయిన రొమ్ము మళ్లీ వేగంగా నింపుకుంటుంది. నిండుగా ఉండిపోయిన రొమ్ము, ఇక్కడ గిరాకీ లేదనుకుని తయారీ తగ్గిస్తుంది. చాలా ఇళ్లలో జరిగే వరస ఇక్కడి నుంచే మొదలవుతుంది. మూడో రోజు అనుమానంతో ఒక డబ్బా పడతారు. పోతపాలు నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి బిడ్డ ఎక్కువసేపు పడుకోవచ్చు. "చూశావా, కడుపు నిండితే ఎలా పడుకుందో" అన్న తీర్పు వెలువడుతుంది. ఆ విడతకు రొమ్ము ఖాళీ కాలేదు. మరుసటి రోజుకు తయారీ కొంత తగ్గుతుంది. సీసా పీకకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము దగ్గర విసుగుపడి మొహం తిప్పుకుంటుంది. పదో రోజుకల్లా డబ్బా రోజుకు మూడు నాలుగుసార్లు అయిపోతుంది. మొదట అనుమానంగా ఉన్నది అప్పటికి నిజమైపోతుంది. 'మాకు మా అమ్మ నుంచే పాలు తక్కువ' అనే కుటుంబ కథ కూడా అలాగే తయారవుతుంది.

నిజంగా పాలు తక్కువయ్యే పరిస్థితులూ ఉన్నాయి. థైరాయిడ్ సమస్య, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, గతంలో రొమ్ముకు ఆపరేషన్ వంటివి అందుకు కారణాలు. వీళ్లకు పోతపాలు మందుతో సమానం, వాటి గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నెలలు నిండని బిడ్డలకు తల్లిపాల బ్యాంకులు ఆదుకుంటాయి. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో అలాంటిది ఉంది. చిక్కంతా ఏది నిజమైన లోటో, ఏది అనుమానమో తేల్చడంలోనే.

తేల్చడానికి పంపుతో పిండి చూడటం పనికిరాదు. బిడ్డ తాగినంత పంపు లాగలేదు, పంపుకు చేపు రాని తల్లులు బోలెడంతమంది. నమ్మదగిన గుర్తులు రెండు. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయడం ఒకటి, రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున బరువు పెరగడం రెండోది. ఆస్పత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్నది జాతీయ కార్యక్రమం. ఆమె సంచీలో ఉండే తూకం త్రాసు, గదిలోని పదిమంది అభిప్రాయాల కంటే మంచి సాక్షి. పట్టణాల్లోని అపార్ట్‌మెంట్లకు ఈ రాకపోకలు పల్లెల్లో అందినంతగా అందడం లేదు. గేటు దగ్గరి రిజిస్టర్‌లోనే చాలా సేవలు ఆగిపోతాయి.

చనుమొనలు పగిలి నెత్తురు వచ్చే బాధ కూడా ఎక్కువగా పట్టుకునే తీరు నుంచి వచ్చేదే. బిడ్డ నోరు బాగా తెరిచి, మొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి తీసుకోవాలి. పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని ఎవరైనా చూపిస్తే పోయే ఇబ్బందిని 'మొదట్లో అందరికీ అంతే' అనే మాట రెండు వారాలు లాగిస్తుంది.

పాలపొడి అమ్మకం విషయంలో దేశంలో గట్టి చట్టమే ఉంది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలను నిషేధించింది. టీవీలో ఆ ప్రకటనలు కనబడకపోవడానికి కారణం అదే. కానీ మూడో రోజు గదిలో పనిచేసేది ప్రకటన కాదు, కంగారు.

దీపాలు పెట్టే వేళ ఏడుపు

రెండో వారం నుంచి ఇంకో ఘట్టం. పగలంతా బాగానే ఉన్న బిడ్డ, పొద్దు వాలేసరికి గుక్కపట్టి ఏడవడం మొదలుపెడుతుంది. పాలిస్తే తాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ అడుగుతుంది. రెండు మూడు గంటలు ఇదే వరస. పసిపిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారం చుట్టుపక్కల శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుందని శిశువైద్యులు చెబుతారు. అది సాయంత్రాలే ఎక్కువ. ఆ వేళల్లో మాటిమాటికీ పాలడగడం కూడా వయసు లక్షణమే.

తెలుగు ఇళ్లలో దిష్టి తీసే వేళా అదే. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే. పనుల హడావుడి ఆగి, అందరూ ఒకచోట చేరి, ఎవరో ఒకరు బిడ్డను తల్లి చేతిలోంచి తీసుకుని కాసేపు తిప్పుతారు. ఆ తంతులో తల్లికి దక్కే పావుగంట విరామం ఎంతో కొంత పనిచేసే ఉంటుంది. తర్వాత గ్రైప్ వాటర్, ఆపై వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆపై తాయెత్తు, డాక్టర్ మార్పు, పాలపొడి మార్పు. మూడో నెలలో ఏడుపు తనంతట తానే తగ్గుతుంది. ఆ సమయానికి ఇంట్లో ఏది వాడుతుంటే పేరు దానికి దక్కుతుంది. తర్వాతి కాన్పుకు, పక్కింటి కాన్పుకు అదే సలహా అవుతుంది.

వీటిలో కొన్ని ఊరికే ఉండేవి, కొన్ని హాని చేసేవి. మొలతాడు, దిష్టిచుక్క వల్ల పెద్దగా నష్టం లేదు. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం వల్ల అది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది. తలుపులు బిగించిన గదిలో సాంబ్రాణి పొగ పసి ఊపిరికి భారమే. కాళ్లు చాపుకుని పిక్కల మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి మర్దన చేసి పోసే నీళ్లకు మాత్రం వైద్యులూ అడ్డు చెప్పరు. స్నానం తర్వాత పట్టే ఆ గాఢ నిద్ర, బాలింత ఉన్న ఇంటికి రోజులో దక్కే మొదటి నిశ్శబ్దం.

ఏడుపు వెనుక నిజమైన జబ్బు ఉంటే గుర్తులు వేరుగా ఉంటాయి. బిడ్డ పాలు తాగడం మానేయడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, ఎగఊపిరి, మత్తుగా పడి ఉండటం, కామెర్ల పసుపు అరిచేతులకూ అరికాళ్లకూ పాకడం కనిపిస్తే దిష్టికి కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

పథ్యం: ఎవరికి, ఎందుకు

బాలింత భోజనం ఊరికో తీరు, కులానికో తీరు. మొదటి వారం శొంఠి పొడి, నెయ్యి, వేడన్నం. ఆ తర్వాత వెల్లుల్లి కారం, మెంతులు, మునగాకు, కొన్నిచోట్ల బెల్లం, మిరియాలు, మూలికలు కలిపి వండిన కాయం. వద్దన్నవాటి జాబితా ఇంతకంటే పొడుగు: పెరుగు, పళ్లు, పప్పు, గుడ్డు, వంకాయ, గుమ్మడి, చల్లటి నీళ్లు. ఆపరేషన్ అయితే "నీళ్లు తాగితే కుట్లకు చీము పడుతుంది, పొట్ట వస్తుంది" అని గ్లాసు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లున్నాయి.

పాత రోజుల్లో దీనికో తర్కం ఉంది. కాన్పు ఇంట్లో, నీళ్లు బావివి, చద్దన్నం వాడుక. పచ్చి బాలింతకు అతిసారం వస్తే కాపాడే మందు లేదు. వేడిగా, అప్పటికప్పుడు వండిన, తేలికైన కొద్ది రకాలే పెట్టడం ఆనాటి రక్షణ. పురిటి మైల పేరుతో మూల గదిలో పెట్టడం అవమానంగా కనిపించినా, పొలం పని నుంచీ ఇంటి చాకిరీ నుంచీ నెల రోజులు తప్పించిన సాకు కూడా అదే. ఇప్పుడు ఫిల్టర్ నీళ్లు, ఫ్రిజ్, యాంటీబయాటిక్ వచ్చాక రక్షణ పక్కకు పోయి నిషేధాల జాబితా మాత్రం మిగిలింది.

ఆహార లెక్క చూస్తే ఎదురు దిశలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం, మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు సుమారు 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. అంటే రెండు రొట్టెలు, కప్పు పప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు. ఇంట్లో కాదన్న జాబితాలో ఉన్నవే సగం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కాన్పులో పోయిన రక్తం దానికి అదనం. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. పథ్యం పాటించే ఇంట్లో ఆ గుడ్డు తల్లి పళ్లెం దాకా చేరుతుందని చెప్పలేం.

ఇక్కడ ఒక అపోహ రెండు వైపులా ఉంది. పథ్యం వల్ల పాలు ఎండిపోతాయనే ఆధునిక భయం కూడా పూర్తిగా సరికాదు. ఒళ్లు ముందు బిడ్డ వాటా తీసిపెడుతుంది, లోటును తల్లి ఎముకల్లోంచి, కండల్లోంచి, రక్తంలోంచి భర్తీ చేసుకుంటుంది. నీళ్లు తక్కువైతే పాల కంటే ముందు తల్లికే మలబద్ధకం, తలనొప్పి, మూత్రంలో మంట వస్తాయి. పథ్యం ఖర్చు బిడ్డ తూకంలో కనబడదు, ఆరో నెలలో తల్లి జుట్టు దువ్వుకునేటప్పుడు చేతికొచ్చే కుచ్చును అందరూ దానికే జమ కడతారు. అసలు ఆ జుట్టు రాలడం చాలావరకు కాన్పు తర్వాతి హార్మోన్ల మార్పు వల్లే, కొన్ని నెలల్లో ఆగిపోతుంది. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలన్న సూచన మాత్రం డిశ్చార్జి సంచీ అడుగునే ఉండిపోతుంటుంది.

నిద్ర ముక్కలైతే మనసూ ముక్కలే

పసిబిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. అంకె వింటే హాయిగా ఉంటుంది. అది రెండేసి మూడేసి గంటల ముక్కలు. రాత్రీ పగలూ తేడా చెప్పే లోపలి గడియారం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. ప్రతి ముక్క మధ్యలో పాలివ్వడం, తేనుపు తీయించడం, గుడ్డ మార్చడం కలిపి ముప్పావుగంట. తల్లికి మొత్తం ఆరు గంటల నిద్ర దక్కినా, ఏకబిగిన రెండు గంటలు దాటదు. ఇలా తెగిన నిద్ర మొత్తం తగ్గిన నిద్రంత చేటు చేస్తుంది, చికాకు, మతిమరుపు, ఊరికే కన్నీళ్లు తెస్తుంది. "బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెబుతారు. బిడ్డ పడుకునే పగటి వేళల్లోనే చూడటానికి వచ్చేవాళ్లూ ఉంటారు.

మూడో రోజు, అయిదో రోజు మధ్య చాలామంది తల్లులు కారణం లేకుండా ఏడుస్తారు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం దీనికి మూలం, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర రాకపోతే, బిడ్డ మీద ఏమీ అనిపించకపోతే, బతకడం దండగ అనిపిస్తే అది కాన్పు తర్వాతి కుంగుబాటు, చికిత్స ఉన్న జబ్బు. భారతదేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి 2017లో వేసిన అంచనా ప్రకారం సుమారు 22 శాతం తల్లుల్లో ఇది కనిపించింది. అంటే అయిదుగురిలో ఒకరికి పైనే. దాన్ని గుర్తించడానికి 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. అయిదు నిమిషాల పని.

గుర్తించకపోవడానికి భాషకూ కొంత వాటా ఉంది. కుట్లు, జ్వరం, వాతం, పాలగడ్డలు, అన్నింటికీ ఇంట్లో మాటలున్నాయి. మనసు బాగోకపోవడానికి ఉన్న మాట "పచ్చి బాలింత కదా". ఆ ఒక్క మాట కింద మామూలు కన్నీళ్లూ, ఆస్పత్రికి చేరాల్సిన జబ్బూ కలిసిపోతాయి. పైగా ఏడుస్తున్న తల్లికి చేపు సరిగా రాదు, బిడ్డ ఏడుస్తుంది, పాలు చాలడం లేదన్న మాట మళ్లీ మొదలవుతుంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, ఇంట్లో ఎవరికీ చెప్పలేని గంటలో అది పనికొస్తుంది.

పుట్టింటి సాయం, దాని గడువు

తొలి కాన్పు పుట్టింటి వాళ్లదే అన్నది మన దగ్గర ఇంకా బలంగానే ఉన్న ఆచారం. సీమంతం కాగానే వెళ్లడం, బారసాల అక్కడే, మూడో నెలలోనో అయిదో నెలలోనో తిరిగి రావడం. బాలింతకు ఇంత సుదీర్ఘమైన విశ్రాంతి రాసిపెట్టిన ఏర్పాటు కొన్ని సంపన్న దేశాల్లో కూడా లేదు. అమెరికాలో కేంద్ర చట్టం ఇచ్చేది జీతం లేని 12 వారాల సెలవే. అందుకే అక్కడి తెలుగు జంటలు పుట్టింటినే విమానం ఎక్కిస్తాయి. విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చే ఆరు నెలలకు అమ్మ, ఆమె తిరిగి వెళ్లే వారానికి అత్తగారు. సూట్‌కేసులో శొంఠి, వాము, మెత్తటి పాత నూలు చీరలు.

ఈ ఏర్పాటుకు రెండు లోపాలున్నాయి. ఒకటి, తండ్రి బయటే ఉండిపోతాడు. ఆదివారం వచ్చి, బిడ్డను ఎత్తుకుని ఫొటో దిగి, రాత్రి బస్సు ఎక్కేవాడికి తేనుపు ఎలా తీయించాలో, ఏ ఏడుపు దేనికో నేర్చుకునే అవకాశం రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే చట్టం లేదు. తల్లి వంద రోజుల్లో నేర్చుకున్నది అతనికి అయిదో నెలలో మొదటి రోజు పాఠం.

రెండోది, సాయం మెల్లగా తగ్గకుండా ఒక్క రోజులో ఆగిపోవడం. అయిదో నెలలో మెట్టినింటికి బయల్దేరేటప్పుడు సారె సర్దుతారు. ఉయ్యాల, పొత్తిగుడ్డలు, వెండి ఉగ్గుగిన్నె, డబ్బాల నిండా పిండివంటలు కారు డిక్కీలోకి ఎక్కుతాయి. అర్ధరాత్రి రెండింటికి లేచి బిడ్డను భుజాన వేసుకున్న అమ్మమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మరుసటి పొద్దున నగరంలో మూడో అంతస్తు ఫ్లాటులో తల్లి, బిడ్డ, కుక్కర్ విజిల్. మొదటి నలభై రోజులు గట్టెక్కిన వాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు. అప్పటికి చుట్టాలందరి దృష్టిలో ఆమె బాలింత కాదు, 'కోలుకున్న మనిషి'.

26 వారాల కూడికలు, తీసివేతలు

ఇదే సమయానికి సెలవు కూడా అయిపోవస్తుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మొదటి ఇద్దరు పిల్లలకు ఇది వర్తిస్తుంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే నిబంధనలున్నాయి. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకు ఇది సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ కాన్పుకు ముందు వాడుకున్న వారాలు ఇందులోంచే పోతాయి. నెల ముందు సెలవు పెడితే మిగిలేది 22 వారాలు, అంటే అయిదు నెలలు. బిడ్డకు ఉగ్గు మొదలుపెట్టే వయసు రాకముందే తల్లి ఆఫీసు గేటు దగ్గర ఉంటుంది.

50 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలి. కాగితం మీద ఇవి మంచి హక్కులు. క్రెష్ ఆఫీసులో ఉంటే బిడ్డను ట్రాఫిక్‌లో గంటసేపు మోసుకురావాలి. పాలు పిండి దాచడానికి గది లేక బాత్రూమ్‌లో పంపు పెట్టుకునే తల్లికి చేపు ఎలా వస్తుందో పైన చెప్పుకున్నదే. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు దాటి పెట్టకూడదు, విజయవాడ ఎండాకాలంలో అంతసేపు కూడా నమ్మలేం. ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులు ఉంటాయి.

ఈ చట్టమంతా జీతం చీటీ ఉన్నవాళ్లకు. పత్తి ఏరే తల్లికి, ఇళ్లల్లో పాచిపని చేసే తల్లికి సెలవు అంటే కూలి పోవడమే. తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద ఇచ్చే 5,000 రూపాయలు ఎన్ని రోజుల కూలికి సమానమో వాళ్లకు వేళ్ల మీద లెక్క.

నవ్వితే నువ్వుండలు

ఇన్ని చిక్కుల మధ్య సంతోషం కూడా ఒక క్యాలెండర్ ప్రకారమే వస్తుంది. తెలుగు ఇళ్లలో ఆ క్యాలెండర్‌ను ఎప్పుడో పిండివంటల్లో రాసిపెట్టారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. శిశువైద్యుల ఎదుగుదల పట్టిక గోడ మీదికి రాకముందే వంటింట్లో ఉన్న పట్టిక ఇది.

పుట్టినప్పుడు బిడ్డ చూపు అందేది 20 నుంచి 30 సెంటీమీటర్లు. రొమ్ము దగ్గర నుంచి తల్లి ముఖానికి ఉండే దూరం దాదాపు అంతే. తల్లి గొంతు కడుపులో ఉండగానే తెలుసు, వాసన మొదటి రోజుల్లోనే తెలుస్తుంది. మొదటి నెలలో నిద్రలో విచ్చుకునే నవ్వుకు అర్థం లేదు, దేవుడు నవ్విస్తున్నాడని పెద్దవాళ్లు అంటారు. ఆరో వారం, ఎనిమిదో వారం మధ్య ముఖం చూసి నవ్వే నవ్వు వేరు. ఏడుపు శిఖరానికి చేరే వారాల్లోనే ఆ నవ్వు కూడా మొదలవుతుంది. యాదృచ్ఛికమే కావచ్చు, అలసట అంచున ఉన్న తల్లికి అంతకంటే మంచి సమయం లేదు. రెండో నెల దాటాక ఉంగా ఉంగాలు. నాలుగో నెల, అయిదో నెలలో బోర్లా పడటం. బొబ్బట్లు వండిన రోజున తండ్రి వీడియో కాల్‌లో ఉంటాడు, ఫోన్ తెర వైపు తిప్పేలోపు బిడ్డ మళ్లీ వెల్లకిలా పడి ఉంటుంది.

మూడో నెల వచ్చేసరికి తల్లికి రొమ్ముల బరువు తగ్గుతుంది. తయారీ బిడ్డ అవసరానికి సరిపడా కుదురుకుంది కాబట్టి ఇంతకుముందులా గట్టిపడి కారవు. బిడ్డ కూడా అరగంట తాగేది పది నిమిషాల్లో ముగిస్తుంది. మధ్యలో ఫ్యాను చప్పుడుకో, ఎవరో పిలిచిన పిలుపుకో మొన వదిలేసి, తల పైకెత్తి తల్లి ముఖంలోకి చూసి నవ్వుతుంది. నోట్లోని పాలు చెంప మీదుగా కారి చీర కుచ్చిళ్ల మీద పడతాయి. పక్కన కూర్చున్నవాళ్లు ఆ పాలు తుడుస్తూ అంటారు: "సరిగ్గా తాగడం లేదమ్మా. పాలు చాలడం లేదేమో చూడు."